పెద్దాపరేషన్‌తో కాన్పు: ముందు తెలుసుకోవలసినవి, తర్వాత పాటించవలసినవి



మా ప్రసూతి వార్డులో అడుగుపెట్టిన ప్రతి కుటుంబమూ మొదట అడిగే మాట ఒకటే. "సిస్టరమ్మా, నార్మల్ అయితదా, కోస్తరా?" మక్తల్ వాళ్లయినా, ఊట్కూరు, మాగనూరు, నర్వ వైపు నుండి వచ్చినవాళ్లయినా, కృష్ణ దాటి రాయచూరు దిక్కు నుండి వచ్చే కన్నడం మాట్లాడే అక్కలయినా ఇదే ప్రశ్న. గర్భిణి కంటే ముందు ఆమె తల్లి అడుగుతుంది, ఆ తర్వాత అత్తగారు అడుగుతారు. అసలు కడుపు మోస్తున్న మనిషి మాత్రం మా ముఖాల వంక చూస్తూ ఊరుకుంటుంది. ఆమెకు తెలియవలసిన సంగతులే ఈ నెల వ్రాస్తున్నాము. ఇంటివారందరూ చదవండి. చదువు రానివారికి చదివి వినిపించండి.

2019–21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్‌తో జరిగాయి. దేశం మొత్తం మీద ఈ లెక్క 21.5 మాత్రమే. ఆ సర్వేలో రాష్ట్రాలన్నిటిలోకీ మనదే మొదటి స్థానం. ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఒక ప్రాంతంలో సిజేరియన్లు నూటికి పది దాటి ఎంత పెరిగినా దానివల్ల తల్లుల, శిశువుల మరణాలు ఇంకా తగ్గినట్లు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపింది. అంటే మన రాష్ట్రంలో అక్కర లేని ఆపరేషన్లు చాలానే జరుగుతున్నాయి. ఈ మాట ఆసుపత్రిలో పనిచేసే మేమే చెప్పకపోతే ఎవరు చెప్పాలి?

అయితే ఇదే వార్డులో దీనికి పూర్తిగా ఎదురైన సంగతి కూడా చూస్తుంటాము. బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతోంది, ఆపరేషన్ చేయాలి అని డాక్టరు గారు చెప్పిన తర్వాత కూడా "ఇంకొక గంట చూద్దాం, ప్రార్థన చేద్దాం" అని ఆపేవారున్నారు. అక్కర లేనప్పుడు కోయించుకోవడం ఎంత తప్పో, అక్కర ఉన్నప్పుడు ఆపడం అంతకంటే పెద్ద తప్పు. మొదటిదానివల్ల తల్లికి అనవసరమైన నొప్పి, ఖర్చు, ముందు కాన్పులకు ఇబ్బంది. రెండవదానివల్ల ప్రాణమే పోవచ్చు.

ఎప్పుడు తప్పదు

బిడ్డ అడ్డంగా ఉన్నప్పుడు, మాయ గర్భసంచి మూతికి అడ్డంగా అంటుకుని ఉన్నప్పుడు, బిడ్డకంటే ముందు బొడ్డుతాడు జారి బయటికి వచ్చినప్పుడు ఆలోచించడానికి ఏమీ లేదు. బిడ్డ గుండె చప్పుడు పడిపోయి తేరుకోకపోయినా, గంటల తరబడి మంచి నొప్పులు వచ్చినా దారి తెరుచుకోకపోయినా, బిడ్డ తల తల్లి కటి ఎముకల్లో నుండి దిగకపోయినా కూడా ఆపరేషనే మార్గం. బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, కవలలున్నా, బి.పి. బాగా పెరిగి ఫిట్స్ వచ్చే సూచనలున్నా డాక్టరు ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి నిర్ణయిస్తారు. ఈ చివరి మూడింటిలో అందరికీ కోత అవసరం పడదు.

కాగా "బిడ్డ మెడకు పేగు చుట్టుకుంది" అని స్కానింగ్‌లో వ్రాసినంత మాత్రాన ఆపరేషన్ అవసరమని కాదు. పేగు చుట్టుకున్న బిడ్డలు మామూలుగా పుట్టడం మేము తరచుగా చూస్తాము. "ఉమ్మనీరు కొంచెం తగ్గింది", "పొట్టి మనిషి", "నొప్పులు ఓర్చుకోలేదు" అనేవి కూడా వాటంతట అవే కారణాలు కావు. డాక్టరును "ఎందుకు చేయాలి, ఇంకా ఆగితే ఏమవుతుంది?" అని అడగడం మీ హక్కు. అడిగినందుకు కోపగించుకునే వైద్యులకంటే ఓపికగా చెప్పే వైద్యులే ఎక్కువ.

ముహూర్తం గురించి ఒక మాట. ఇది మన రాష్ట్రంలో పెద్ద జాడ్యమైంది. నక్షత్రం చూపించుకుని వచ్చి, ఫలానా రోజు ఫలానా గంటకు తీయమంటారు. మన సంఘాల్లోని కుటుంబాలు నక్షత్రం అనకపోవచ్చు గాని, పెండ్లి రోజునో, క్రిస్మస్ నాడో, భర్త బొంబాయి నుండి సెలవు మీద వచ్చే వారంలోనో పుట్టాలని అడుగుతారు. మాకు రెండింటికీ తేడా కనబడదు. వైద్య కారణం లేకుండా 39 వారాలు నిండక ముందే తీసిన బిడ్డకు ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధమై ఉండకపోవచ్చు. అటువంటి బిడ్డ ఎగశ్వాస పెడుతూ శిశువుల ఐ.సి.యు.లో ఆక్సిజన్ మీద ఉంటే, మంచి గడియ ఎవరికి మంచిదైనట్లు?

నొప్పి పడితేనే తల్లా?

కొంతమంది సహోదరీలు ఆపరేషన్ తర్వాత మా దగ్గర ఏడుస్తారు. కుట్ల నొప్పికి కాదు. "నాకు విశ్వాసం తక్కువైంది సిస్టర్, అందుకే నార్మల్ కాలేదు" అంటారు. కొన్నిసార్లు ఇంటివారో, చూడవచ్చినవారో ఆ మాట అంటారు కూడా. ఈ వాదన కొత్తది కాదు. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు కాన్పు నొప్పులకు క్లోరోఫారం మత్తు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఇది దేవుని మాటకు విరోధమని కొందరు అన్నారు. దేవుడు ఆదాము పక్కటెముక తీసేముందు అతనికి గాఢనిద్ర కలుగజేశాడు గదా అని ఆయన లేఖనంలో నుండే జవాబు చెప్పాడు. 1853లో విక్టోరియా రాణి కాన్పు సమయంలో క్లోరోఫారం తీసుకున్న తర్వాత ఆ వాదన చాలావరకు చల్లబడింది.

మత్తుమందు చరిత్రలో మన ప్రాంతానికి కూడా చోటుంది. క్లోరోఫారం వల్ల ప్రమాదం ఎలా వస్తుందో పరిశోధించడానికి 1888లోను, 1889లోను హైదరాబాదులో రెండు సంఘాలు పనిచేశాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించగా, ఖర్చు ఆరవ నిజాము ప్రభుత్వం పెట్టుకుంది. మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఈ ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్‌దే. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలోనే మత్తు ఇచ్చే పనిలో పేరు తెచ్చుకుంది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యుల్లో ఆమెను లెక్కిస్తారు. కాబట్టి మత్తు డాక్టరు అంటే భయపడవలసిన పని లేదు, నూట ముప్పై ఏండ్లుగా మన నేల మీద నేర్చుకుంటున్న విద్య అది.

బైబిలు చదివేవారికి రాహేలు కథ తెలుసు. ఎఫ్రాతా దారిలో బెన్యామీనును కని ఆమె చనిపోయింది. ఆమెకు విశ్వాసం లేకనా? ఆ దారిలో మంత్రసాని ఉంది, థియేటర్ లేదు.

సంతకం, రక్తం

ఈ రెండింటి దగ్గరే మాకు ఎక్కువ సమయం పోతుంది. అత్యవసరంలో పోయే ప్రతి అరగంట బిడ్డ మెదడుకు, తల్లి ప్రాణానికి ఖరీదైనది.

అంగీకార పత్రం మీద సంతకం ఎవరు చేయాలి? పద్దెనిమిది నిండిన స్త్రీ తన శరీరానికి తానే సంతకం చేయవచ్చు, ఆమె సంతకం చాలు. కాని మన వైపు జరిగేది వేరు. భర్త పుణెలోనో బొంబాయిలోనో పనికి పోయి ఉంటాడు. మామగారు పొలం దగ్గర ఉంటారు. తల్లి "మేం ఎట్ల చేస్తం, అత్తగారోళ్లు రానీ" అంటుంది. అత్తగారు "పిల్లగాన్ని అడుగాలె" అంటారు. ఫోను కలవదు. ఈలోగా బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేసి ఉమ్మనీరు పచ్చబడుతుంది. అందుకే మా విన్నపం: ఎనిమిదో నెలలోనే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. అవసరం పడితే ఆపరేషన్‌కు ఒప్పుకుంటామని, ఎవరు వెంట ఉంటారో, ఏ బండిలో వెళ్లాలో, డబ్బు ఎక్కడుందో ముందే నిర్ణయించుకోండి. వలస పోయే భర్తలు వెళ్లేముందే భార్యతో, తల్లితో ఈ మాట చెప్పి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం అని గుర్తుంచుకోండి. డబ్బు లేదని ఎవరూ ఇంట్లో ఆగిపోవద్దు.

ఇక రక్తం. సిజేరియన్‌లో మామూలు కాన్పుకంటే రక్తం ఎక్కువగా పోతుంది. రక్తం బాగున్న మనిషి దాన్ని తట్టుకుంటుంది. ఏడు, ఎనిమిది గ్రాముల హిమోగ్లోబిన్‌తో వచ్చిన తల్లి తట్టుకోలేదు. ఐరన్ మాత్రలు ఆశా కార్యకర్త ఇస్తే గూట్లో పెట్టి, "నల్లగా విరేచనం అవుతోంది" అని పారేసేవారు ఎందరో. మలం నల్లబడటం మాత్ర పనిచేస్తున్నదనడానికి గుర్తు, జబ్బు కాదు. నిమ్మరసంతో వేసుకోండి, చాయ్‌తో మాత్రం వేసుకోవద్దు.

రక్తం ఇవ్వమంటే మగవారు వరండాలో నుండి మెల్లగా బయటికి నడవడం మేము చూస్తుంటాము. నవ్వుతూ వ్రాస్తున్నాము గాని ఇది నవ్వే సంగతి కాదు. ఒక్కసారి తీసేది 350 మిల్లీలీటర్లు. పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజుల్లోనే తిరిగి చేరుతుంది. మూడు నెలలకొకసారి మగవారు రక్తం ఇవ్వవచ్చు. బలం తగ్గదు, మగతనం తగ్గదు. సంఘంలోని యౌవనస్థులు తమ రక్తం గ్రూపులు వ్రాసి పాస్టరు గారి దగ్గర ఒక పుస్తకంలో ఉంచితే ఎంత మేలో ఆలోచించండి.

థియేటర్‌లో ఏమి జరుగుతుంది

ముందే నిర్ణయించిన ఆపరేషన్ అయితే ఆరు గంటల ముందు నుండి అన్నం, టిఫిన్ వంటివి తినకూడదు. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు డాక్టరు అనుమతిస్తే కొద్దిగా తాగవచ్చు. "నీరసంగా ఉంది" అని దాచి ఇడ్లీ తినిపించే అమ్మమ్మలకు చేతులు జోడించి చెబుతున్నాము. మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. ఒకవేళ తిన్నా, తిన్నామని నిజం చెప్పండి. మేము కోప్పడము.

నగలు, గాజులు, మెట్టెలు తీయిస్తాము. గోళ్ల రంగు తుడుస్తాము, ఎందుకంటే వేలికి పెట్టే యంత్రం ఆక్సిజన్ లెక్క సరిగ్గా చూపాలి. చేతికి సెలైన్ సూది, మూత్రానికి పైపు పెడతాము. పైపు పెట్టేటప్పుడు కొంచెం మంటగా ఉంటుంది, అంతే. కుట్లు చీము పట్టకుండా ముందే ఒక యాంటీబయాటిక్ ఇంజక్షన్ ఇస్తాము.

తర్వాత మత్తు డాక్టరు వెన్నులో ఇంజక్షన్ ఇస్తారు. కూర్చుని, వీపు పిల్లిలాగ వంచి, గడ్డం గుండెకు ఆనించాలి. మా సిస్టర్ ఎదురుగా నిలబడి భుజాలు పట్టుకుంటుంది. కదలకుండా ఉంటే పని తొందరగా అయిపోతుంది. కొన్ని నిమిషాల్లో కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, మన కాళ్లు కావన్నట్లు అవుతాయి. కొందరికి ఆ సమయంలో బి.పి. తగ్గి కడుపులో తిప్పుతుంది, వణుకు వస్తుంది. చెప్పండి, దానికి మందు ఉంది.

"వెన్నులో సూది పొడిస్తే జీవితమంతా నడుము నొప్పి" అన్నది మనవాళ్లలో పాతుకుపోయిన మాట. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండవచ్చు. ఏండ్ల తరబడి నడుము నొప్పికి ఆ సూది కారణం కాదు. గర్భంలో పెరిగిన బరువు, వంగి బిడ్డకు పాలివ్వడం, బలహీనపడ్డ పొట్ట కండరాలు, నేల మీద కూర్చుని చేసే చాకిరీ, వీటివల్లనే ఎక్కువ. మామూలు కాన్పు అయినవారికి కూడా నడుము నొప్పి వస్తుంది గదా. వెన్ను సూది తర్వాత గమనించవలసింది తలనొప్పి. లేచి కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే మాకు చెప్పాలి.

పొత్తికడుపు కింద అడ్డంగా కోత పెడతారు. మెలకువగానే ఉంటారు, మాటలు వినబడతాయి, లోపల ఎవరో లాగుతున్నట్లు, ఒత్తుతున్నట్లు తెలుస్తుంది గాని నొప్పి ఉండదు. నొప్పి తెలిస్తే వెంటనే చెప్పాలి. మొదలుపెట్టిన ఐదు, పది నిమిషాల్లోనే బిడ్డ ఏడుపు వినబడుతుంది. ఆ తర్వాత మాయ తీసి, గర్భసంచి, పైపొరలు ఒక్కొక్కటి కుట్టడానికి మరో అరగంట, ముప్పావుగంట. బయట కూర్చున్నవారికి అదే చాలా పెద్ద సమయంగా తోస్తుంది. మరీ అత్యవసరంలోనో, వెన్నులో మత్తు కుదరనప్పుడో పూర్తి మత్తు ఇస్తారు.

మొదటి రెండు రోజులు

థియేటర్ నుండి వచ్చాక మొదటి రెండు గంటలు మేము మాటిమాటికీ వచ్చి బి.పి. చూస్తాము, పొట్ట మీద నొక్కి గర్భసంచి గట్టిపడిందా అని చూస్తాము, ప్యాడ్ చూస్తాము. "కోసిన కడుపు మీద ఒత్తుతున్నారు, దయలేని సిస్టర్లు" అని కొందరు అనుకుంటారు. మెత్తబడ్డ గర్భసంచి నుండి రక్తం కారిపోతే తల్లి మన కళ్ల ముందే పోతుంది. అందుకే ఒత్తుతాము.

కాళ్లకు స్పర్శ రెండు నుండి నాలుగు గంటల్లో వస్తుంది. అప్పుడే నొప్పి కూడా తెలియడం మొదలవుతుంది. ఓర్చుకోనవసరం లేదు. పారాసిటమాల్ వంటి నొప్పి మందులు పాలిచ్చే తల్లికి ఇవ్వవచ్చు, బిడ్డకు హాని లేదు. నొప్పి తగ్గిన తల్లి లేచి నడుస్తుంది, బిడ్డను ఎత్తుకుంటుంది. నొప్పి భరించే తల్లి కదలక పడుకుంటుంది, అప్పుడు కాళ్ల నరాల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది. అందుకే మూత్రం పైపు తీసిన తర్వాత, ఇరవై నాలుగు గంటల లోపే లేపి నడిపిస్తాము. మొదటిసారి పక్కకు తిరిగి, చేతి మీద బరువు వేసి, కాళ్లు కిందికి జార్చి, కాసేపు కూర్చుని లేవాలి. వెంట మనిషి ఉండాలి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకుంటే నొప్పి తక్కువగా ఉంటుంది. కడుపు ఉబ్బి గ్యాసు పట్టేస్తే నడకే మంచి మందు.

ఆపరేషన్ అయినంత మాత్రాన పాలు రావు అనేది అబద్ధం. మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు ఆనించాలి. తెలంగాణలో ఆ సర్వే నాటికి నూటికి సుమారు 37 మంది పిల్లలకే మొదటి గంటలో తల్లిపాలు అందాయి. సిజేరియన్ చేసిన చోట ఆలస్యం ఇంకా ఎక్కువగా జరుగుతుంది. తల్లి పడుకునే ఉన్నా మా సిస్టర్ బిడ్డను పక్కన పెట్టి పట్టిస్తుంది. లేచి కూర్చున్నాక బిడ్డను చంక కింద, కాళ్లు వెనక్కు వచ్చేలా పట్టుకుంటే కుట్ల మీద బరువు పడదు. మొదట వచ్చే చిక్కటి ముర్రుపాలు చెంచాడే వచ్చినా అదే చాలు, అప్పటికి బిడ్డ పొట్ట కూడా అంతే. తేనె, చక్కెర నీళ్లు, మేకపాలు, ఆముదం దయచేసి వార్డుకు తేవద్దు. కొంగులో దాచినా మాకు వాసన వస్తుంది.

చూడవచ్చేవారికి ఒక మనవి. సంఘం వారు వచ్చి ప్రార్థన చేయడం మాకెంతో సంతోషం. అయితే పదిహేను మంది ఒక్కసారి మంచం చుట్టూ నిలబడి, ప్రతివారూ బిడ్డను ఎత్తుకుని ముద్దుపెట్టుకుంటే జలుబు, దగ్గు ఆ పసికందుకు అంటుకుంటాయి. ఇద్దరిద్దరుగా రండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, ప్రార్థన చిన్నదిగా చేయండి. దేవుడు చిన్న ప్రార్థన కూడా వింటాడు.

పథ్యం పేరుతో పస్తులు

ఆపరేషన్ బాగానే జరిగి, ఇంటికి పోయిన తర్వాత తల్లులు నీరసించిపోవడానికి పెద్ద కారణం ఇదే. బాలింతకు వట్టి అన్నం, ఎల్లిపాయ కారం, మిరియాల చారు. పప్పు తింటే కుట్లు చీము పడతాయంటారు. పెరుగు తింటే జలుబు, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలు, గుడ్డు తింటే వాతం, నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది. ఇక మిగిలింది ఏమిటి?

చీము పప్పు వల్ల పట్టదు. క్రిముల వల్ల, మురికి వల్ల, రక్తహీనత వల్ల, షుగరు అదుపులో లేకపోవడం వల్ల పడుతుంది. కోసిన కండరం అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు ఇవ్వకుండా గోడ లేవమంటే లేస్తుందా? కందిపప్పు, పెసరపప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, కోడికూర ఏది దొరికితే అది పెట్టండి. మన జొన్నరొట్టె, తోటకూర, పాలకూర, పల్లీలు, నువ్వులు, బెల్లం కన్నా బలమైనవి బజారులో డబ్బాల్లో దొరకవు. ఎల్లిపాయ కారం పెట్టవద్దని మేము అనడం లేదు, దానితోపాటు పప్పు గిన్నె కూడా పెట్టమంటున్నాము. ఆసుపత్రిలో కొన్ని గంటల తర్వాత నీళ్లు, జావ మొదలుపెట్టి, మెల్లగా మామూలు భోజనానికి తెస్తాము.

నీళ్లు బాగా తాగాలి. పాలు తయారయ్యేది నీళ్లతోనే. నీళ్లు మానేస్తే మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్లు నొప్పి. మూత్రంలో మంట కూడా వస్తుంది. పొట్ట పెద్దగా కనిపించడానికి నీళ్లు కారణం కాదు, సాగిన కండరాలు తిరిగి బిగుసుకోవడానికి నెలలు పడుతుంది.

మంచం కింద కుంపటి పెట్టి సాంబ్రాణి పొగ వేసే అలవాటు ఇంకా ఉంది. తలుపులు మూసిన గదిలో బొగ్గు పొగ తల్లీబిడ్డలిద్దరికీ ఊపిరాడనివ్వదు. చెవుల్లో దూది పెట్టుకుంటే నష్టం లేదు, పెద్దవాళ్ల మనసు నొప్పించడం ఎందుకని మేము ఊరుకుంటాము. పొగ విషయంలో మాత్రం ఊరుకోము.

ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా ఆరు నెలలు, అంటే 180 రోజులు వేసుకోవాలి. కాల్షియం కూడా అలాగే.

ఇంటికి పోయిన తర్వాత

మామూలుగా మూడు నుండి ఐదు రోజుల్లో ఇంటికి పంపుతాము. కుట్లు కరిగిపోయే దారంతో వేస్తే తీయనక్కర లేదు, వేరే దారమైతే వారం పది రోజుల్లో తీస్తాము. స్నానం చేయవచ్చు. కుట్ల చోట సబ్బు నీళ్లు మెల్లగా పోసి, శుభ్రమైన పొడి బట్టతో అద్ది ఆరనివ్వాలి. పసుపు, బూడిద, కొబ్బరినూనె, పౌడరు ఏదీ రాయవద్దు.

పైన చర్మం పది రోజుల్లో అతుక్కుంటుంది. లోపల గర్భసంచి, కండరాలు మానడానికి కనీసం ఆరు వారాలు. పైన మానింది గదా అని బిందె ఎత్తితే లోపలి కుట్టు మీద భారం పడుతుంది. నిండు బిందె పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఆ ఆరు వారాలు బిడ్డ బరువును మించినది ఏదీ ఎత్తకూడదు. మన వైపు పత్తి ఏరేటప్పుడు ఇది పెద్ద చిక్కు. కూలి దొరికే రోజులు, ఇంట్లో చేతులు తక్కువ, "పెద్దాపరేషన్ అయి నెల అయింది గదా" అని చేనుకు పంపేస్తారు. అత్తగారలారా, మీరు మామూలు కాన్పు అయి పది రోజులకే పనికి పోయి ఉండవచ్చు. మీ పొట్ట కోయలేదు. కోడలికి పొట్ట కోసి, గర్భసంచి కుట్టి పంపాము. హెర్నియా వచ్చిన తర్వాత మళ్లీ ఆపరేషన్‌కు అయ్యే ఖర్చు నెల కూలికంటే ఎక్కువ.

భార్యాభర్తలు ఆరు వారాల పరీక్ష అయ్యేవరకు దూరంగా ఉండడం మంచిది. రక్తస్రావం నాలుగు నుండి ఆరు వారాలదాకా ఉండవచ్చు, ఎరుపు నుండి గోధుమ రంగుకు, తర్వాత తెల్లగా మారుతుంది.

ఇవి కనబడితే మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు, 108కు ఫోను చేయండి లేదా దగ్గరి ఆసుపత్రికి రండి: గంటకు ఒక ప్యాడ్ నిండిపోయేంత రక్తం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసన వచ్చే స్రావం, కుట్లు ఎర్రబడి వాచి చీము లేక నీరు కారడం, ఒక్క కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, ఆయాసం లేదా గుండెలో నొప్పి, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ఫిట్స్. బి.పి. వల్ల వచ్చే ఫిట్స్ కాన్పు అయిపోయిన తర్వాత కూడా రావచ్చని చాలామందికి తెలియదు. దయ్యం పట్టిందని తాయెత్తులకో, నూనె రాసి ప్రార్థన చేయించడానికో తిరుగుతారు. ప్రార్థన బండిలో వస్తూ కూడా చేయవచ్చు.

మనసు సంగతి కూడా చెప్పాలి. మొదటి వారం ఊరికే ఏడుపు రావడం సాధారణం. రెండు వారాలు దాటినా బిడ్డ మీద మనసు పోకపోయినా, నిద్ర, తిండి పోయినా, చనిపోవాలన్న తలంపు వచ్చినా అది జబ్బు. ముఖ్యంగా ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో మౌనంగా ఉన్నచోట మేము దీన్ని ఎక్కువగా చూస్తాము. మందులున్నాయి, తగ్గుతుంది. ఆమెను ఒంటరిగా వదలకుండా తీసుకురండి.

మరుసటి కాన్పు

ఒకసారి పెద్దాపరేషన్ అయితే మళ్లీ అదేనా? తప్పనిసరి కాదు. మొదటిసారి ఆపరేషన్‌కు ఉన్న కారణం ఇప్పుడు లేకపోతే, గర్భసంచి మీద కోత కింది భాగంలో అడ్డంగా ఉంటే, తగినవారిని ఎంచి ప్రయత్నిస్తే నూటికి 60 నుండి 80 మందికి మామూలు కాన్పు అవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు రెండు వందల మందిలో ఒకరికి ఉంటుంది. అందుకని ఇంటి దగ్గర గాని, చిన్న నర్సింగ్ హోంలో గాని ఈ ప్రయత్నం చేయకూడదు. రాత్రింబవళ్లు థియేటర్, మత్తు డాక్టరు, రక్తం ఉన్నచోటనే చేయాలి. నొప్పులు మొదలైన వెంటనే రావాలి.

ఆపరేషన్లు పెరిగినకొద్దీ మాయ పాత కుట్టు మీద అతుక్కుని ఊడిరాకుండా పోయే ప్రమాదం పెరుగుతుంది. మగపిల్లవాడి కోసం మూడో, నాలుగో సిజేరియన్‌కు సిద్ధపడే కుటుంబాలు ఇది బాగా ఆలోచించాలి. అప్పుడు గర్భసంచే తీసేయవలసి రావచ్చు, తల్లినే కోల్పోవచ్చు. మరొక బిడ్డకు కనీసం రెండేండ్లు ఎడం ఉంచండి. లూప్ ఆపరేషన్ సమయంలోనే వేయించుకోవచ్చు. పిల్లలు చాలనుకుంటే ట్యూబెక్టమీ కూడా అప్పుడే చేస్తారు. ఈ సంగతి నొప్పుల్లో ఉన్నప్పుడు కాదు, నెలలు నిండకముందే భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకుని చెప్పాలి. భర్తకు వేసక్టమీ ఇంకా తేలిక, అది కూడా గుర్తుచేస్తున్నాము.

డిశ్చార్జి కాగితం జాగ్రత్త. పొట్ట మీద మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి మీద కోత కూడా అడ్డంగా ఉందని చెప్పలేము. మచ్చ చూసి ఏ డాక్టరూ తెలుసుకోలేరు, ఆ కాగితంలోనే ఉంటుంది. ఎందుకు చేశారో, ఎట్లా కోశారో, రక్తం ఎక్కించారో లేదో అందులో వ్రాసి ఉంటుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి రేషను కార్డుతోపాటు ఉంచండి. పుట్టింటికి కాన్పుకు వెళితే వెంట తీసుకెళ్లండి. వలస పోతే ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. మళ్లీ గర్భం నిలిచిందని తెలిసిన మొదటి నెలలోనే ఆ కాగితం చేత పట్టుకుని ఓ.పి.కి రండి.